మీదింటి కిరాయి

ఆ కవరు మీద ‘కిరాయి’ అన్న మాటను నేను మూడు లిపుల్లో రాశాను. తెలుగులో కిరాయి, హిందీలో కిరాయా, గుజరాతీలో భాడు. ఆ ఆదివారం మా బావ ఇంటికి రాబోతున్న పెద్దమనుషుల్లో ఇద్దరు సూరత్‌లోనే పుట్టి గుజరాతీ బడిలో చదివినవాళ్లు. తెలుగు మాట్లాడతారు గాని చదవలేరు. చదవలేకపోయామన్న సాకు ఎవరికీ మిగలకూడదని నా పట్టుదల. నల్ల మార్కరుతో ఒక్కో అక్షరం దిద్ది రాశాను. నా భార్య పక్కన కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ చూసింది.

“గంత పెద్దగ ఎందుకు రాస్తున్నవ్? గోడకు అంటిస్తవా?”

“బావ మొఖానికి అంటిస్త.”

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

బావంటే మా అక్క భర్త. సూరత్ శివారు భేస్తాన్‌లో వాళ్లది చిన్న ఇల్లు. కింద రెండు గదులు, వంటిల్లు. మీద రేకుల కప్పు వేసిన ఒక గది, దానికి ఆనుకుని పొయ్యి పెట్టుకునేంత చోటు. పెళ్లయిన నెలలోనే నేను ఆ మీది గదిలో చేరాను. హజీరాలో ఒక ఫ్యాక్టరీలో నాకు టెక్నీషియన్ ఉద్యోగం. పొద్దున్నే కంపెనీ బస్సు మా సందు చివర ఆగుతుంది. ప్రతి నెలా మొదటి ఆదివారం ఆరు వేలు తీసుకెళ్లి బావ చేతిలో పెట్టేవాణ్ని. ఆయన చూడకుండానే జేబులో పెట్టుకుని వేరే మాట ఎత్తేవాడు. “బస్సు టైముకే వస్తున్నదా?” అనో, “మీద నీళ్లు వస్తున్నయా?” అనో. నాలుగేళ్లలో మా ఇద్దరి మధ్య కిరాయి అన్న మాట పలకలేదు.

మా వాళ్లలో అదొక పద్ధతి. తెలంగాణ నుంచి సాంచాల పనికి, అంటే కరెంటు మగ్గాల పనికి, సూరత్ వచ్చిన కుటుంబాల్లో సొంత మనిషికి ఇల్లు కిరాయికి ఇచ్చామని చెప్పుకోవడం చిన్నతనం. తీసుకోవడం తప్పు కాదు, అందరూ తీసుకుంటారు. చెప్పుకోవడమే తప్పు. తీసుకునేవాడు తీసుకోనట్టు, ఇచ్చేవాడు ఇవ్వనట్టు ఉండాలి. బావ అక్కడితో ఆగేవాడు కాదు. పెళ్లికి పోయినా, పురిటికి పోయినా, పది మంది చేరిన చోట నా భుజం మీద చెయ్యి వేసేవాడు.

“మా బామ్మర్ది. నా ఇంట్లనే ఉంటడు. ఒక్క పైస తీస్కోను. ఇంటోణ్ణే చూసుకోకపోతే ఇంకెవల్ని చూసుకుంటం?”

ఆయన గొంతు పెద్దది. ముప్పై ఏళ్లు సాంచాల మధ్య పని చేసి, షెడ్డు మీద పెత్తనం చేసే మాస్టరు అయినవాడు. సాంచాలు నడిచే షెడ్డులో మాట వినపడదు కాబట్టి ఆ పని చేసేవాళ్లు బయటకు వచ్చాక కూడా అరిచినట్టే మాట్లాడతారు. ఆ గొంతుతో ఆయన నన్ను పోషిస్తున్నానని చెబుతుంటే, హాలు ఆ చివర కూర్చున్నవాళ్లు కూడా తలలు తిప్పి చూసేవారు. నేను అన్నం పళ్లెం చేత్తో పట్టుకుని నిలబడేవాణ్ని. ఆ అన్నం కూడా ఆయన పెట్టిందే అన్నట్టు ఉండేది నా వాలకం.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పాలి. ఆ రోజుల్లో అది నాకు తెలుసు, కావాలనే మర్చిపోయాను. అక్కను చేసుకుని కొత్తగా సూరత్ వచ్చినప్పుడు బావ రెండేళ్లు మా ఇంట్లో ఉన్నాడు. మా నాయిన ఆయన వారం కూలీలోంచి తిండికని కొంత పట్టుకునేవాడు. బయట మాత్రం, “అల్లుణ్ణి ఇంట్ల పెట్టుకొని సాకుతున్న” అనేవాడు. అప్పుడు బావ ముఖం ఎలా ఉండేదో చూశాను. చిన్నవాణ్ని, అయినా చూశాను. నాకు ఆయన చేసిందంతా మా నాయిన దగ్గర నేర్చుకున్నదే. పగ పట్టినవాడికి ఇలాంటివి గుర్తుంటే పని జరగదు.

మా కంపెనీలో క్వార్టర్లు కొద్దిమందికే దొరుకుతాయి. దొరకనివాళ్లకు కిరాయి కట్టినదాన్ని బట్టి ఇంటి సాయం ఇస్తారు. మొదట్లో నేను దాని జోలికి పోలేదు. నా తోటివాళ్లందరూ తీసుకుంటుంటే ఆశ పుట్టింది. ఫారంలో ఒక గడి ఉంది: ఇంటి యజమాని మీకు దగ్గరి బంధువా, అయితే ఏమవుతారు? బంధువైతే ఇవ్వరని కాదు, కిరాయి నిజంగా కడుతూ ఉంటే ఇస్తారు. కాకపోతే రసీదులు కావాలి, ఎప్పుడైనా మనిషిని పంపి విచారించుకుంటారు.

ఇల్లు కొన్నప్పుడు ఆడవాళ్ల పేరున రాయిస్తే రిజిస్ట్రేషన్ ఫీజు ఉండదని బావ దాన్ని అక్క పేరున రాయించాడు. అందుకే రసీదుల మీద సంతకం అక్కది కావాలి. బావ డ్యూటీలో ఉన్న వేళ చూసి కాగితాలు కిందికి పట్టుకెళ్లాను. అక్క చేతులు తుడుచుకుని, కళ్లద్దాలు పెట్టుకుని, ఒక్కొక్కటీ చదివింది.

“తమ్మీ, తొమ్మిది వేలని ఉన్నది.”

“గట్లనే రాస్తరక్కా అందరు. కంపెనీ పైసలే గదా.”

అక్క నా ముఖంలోకి కాసేపు చూసింది. తర్వాత సంతకాలు పెట్టింది. అన్నిటి మీదా ఒకే తీరుగా, బడి పిల్ల రాసినట్టు నిదానంగా.

ఆరు కట్టి తొమ్మిది అని రాయించాను. ఇది మొదట్లోనే చెప్పేస్తున్నాను. ఎందుకంటే ఇక ముందు నేను చెప్పబోయే కోపమంతా న్యాయమైన కోపంలా వినిపిస్తుంది. నాకు కూడా అలాగే వినిపించింది.

ఏడాదిన్నర సాయం అందింది. తర్వాత ఒకరోజు నేను డ్యూటీలో ఉండగా కంపెనీ మనిషి విచారణకు ఇంటికి వచ్చాడు. అక్క గుడికి పోయింది. బావకు ఆ రోజు సెలవు. ఏం జరిగిందో నా భార్య మెట్ల మీద నిలబడి విని, సాయంత్రం నాకు చెప్పింది. బావ కుర్చీ వేశాడు. చాయ్ తెప్పించాడు, తినడానికి ఖమణ్ తెప్పించాడు. ఆ సాబ్ కాగితం తీసి మీ బామ్మర్ది మీకు కిరాయి ఎంత ఇస్తాడని అడిగాడు. బావ ఒక్క క్షణం ఆగాడు. తర్వాత సందంతా వినపడేట్టు అన్నాడు:

“అరే సాబ్! అప్నే సాలే సే కోయి కిరాయా లేతా హై క్యా?”

సొంత బామ్మర్ది దగ్గర ఎవడైనా కిరాయి తీసుకుంటాడా అని. పైగా నాలుగేళ్లుగా ఎలా చూసుకుంటున్నాడో, కరెంటు బిల్లు కూడా అడగనని, అదీ ఇదీ కలిపి చెప్పాడట. సాబ్ ఖమణ్ తిని, రాసుకుని, దండం పెట్టి వెళ్లిపోయాడు.

వారం తిరక్కుండా నాకు కాగితం వచ్చింది. సాయం ఆపేశారు. రసీదుల్లో భార్య సంతకం ఒకటి చెబుతోంది, భర్త మాట ఇంకొకటి చెబుతోంది. నెలలోగా ఇద్దరూ కలిసి కిరాయి ఎంతో రాసి సంతకం పెట్టిన కాగితం తేవాలి. తేకపోతే తప్పుడు క్లెయిము కింద చర్య. తప్పుడు క్లెయిము చేసి ఉద్యోగం పోగొట్టుకున్నవాణ్ని మా ప్లాంటులో నేను కళ్లారా చూశాను. బస్సులో అందరికీ తెలిసిపోయింది. నా వెనక సీటతను హిందీలో అడిగాడు, “ఏం భయ్యా, మీ బావ ఇంట్లో ఇంకో గది ఖాళీగా ఉందా? నేనూ వస్తా.” బస్సంతా నవ్వింది.

దిగి నేరుగా బావ దగ్గరికి వెళ్లాను. గుమ్మం దగ్గర స్కూటరు తుడుచుకుంటున్నాడు.

“బావా, నువ్వు చెప్పినదానికి నా నౌకరి మీదికి వచ్చింది.”

“నేనేం జెప్పిన? మంచిగనే జెప్పిన గదా.”

“కిరాయి తీస్కుంటున్న అని అక్కతోని కలిసి దస్కతు పెట్టి రాసియ్యాలె.”

ఆయన గుడ్డ విదిలించాడు. “ఛీ! బామ్మర్ది దగ్గర కిరాయి తీస్కుంటున్నని దస్కతు పెట్టాల్నా? రేపు గా కాగితం నలుగురి చేతులల్ల పడితే నా ఇజ్జత్ ఏంగావాలె?”

“తీస్కుంటున్నవ్ గదా!”

“తీస్కునుడు వేరు, రాసిచ్చుడు వేరు.”

“మరి నేనేం జెయ్యాలె?”

“ఏంజేస్తవ్, ఇంజనీర్ సాబ్? గా పైసలు లేకుంటే బతుకవా? ఏదో అప్పనంగ వచ్చేది ఆగింది. జర ఊకో.”

నేను ఇంజనీరును కాను. అది ఆయనకు తెలుసు. సాంచాల దగ్గరికి పోకుండా ఐటీఐ చదివి హజీరా పోయిన మా ఇంటి మొదటి మనిషిని నేను. ఆ గర్వం నా నడకలో, ఇస్త్రీ చొక్కాలో కనపడేదేమో. ఆ మాటతో దాన్ని గుచ్చేవాడు. నేను మెట్లెక్కి మీదికి పోయాను. ఆయన నోటితోనే ఆ మాట అనిపిస్తానని, అదీ నలుగురి ముందు అనిపిస్తానని ఆ మెట్ల మీదే నిర్ణయించుకున్నాను.

ఆ తర్వాతి మూడు వారాలు నేను ఎంత చిన్న మనిషినయ్యానో రాయడానికి చెయ్యి ఆడటం లేదు. బావ స్కూటరు బయటికి తీయలేనట్టు నా బండి అడ్డంగా పెట్టేవాణ్ని. ఆయన స్నానానికి పోయే వేళకు మీద కుళాయి తిప్పి ట్యాంకు ఖాళీ చేసేవాణ్ని. కింద సబ్బు నురుగుతో ఆయన అరుస్తుంటే మీద కూర్చుని వినేవాణ్ని. అది ఎంత బాగుండేదో! పలకరిస్తే పలికేవాణ్ని కాదు. అక్క గిన్నెలో కూర పంపితే తినేవాణ్ని, మళ్లీ అదే పనికి దిగేవాణ్ని. ఇవన్నీ నాకు చాలలేదు. ఇవి దోమకాట్లు. ఆయన ముఖం మాడిపోవడం నేను చూడాలి.

అవకాశం ఆయనే ఇచ్చాడు. మా కుల సంఘానికి కొత్త అధ్యక్షుణ్ని పెట్టుకోవాల్సిన ఏడాది అది. ఓట్లూ అవీ ఉండవు. పెద్దమనుషులు ఒక ఇంట్లో కూర్చుని ఎవరు తగినవాడో అనుకుంటారు. ఆ ఏడు అందరూ బావ పేరే అన్నారు. కారణం కూడా నేను విన్నాను: ‘పెండ్లాం తమ్ముణ్ణి కిరాయి లేకుంట ఇంట్ల పెట్టుకున్నోడు, సంఘపోళ్లను చూసుకోడా?’ మాట ఖాయం చేయడానికి మొదటి ఆదివారం ఆయన ఇంటికే వస్తామన్నారు. మొదటి ఆదివారం. కిరాయి ఇచ్చే రోజు. ఆ మాట విన్న సాయంత్రమే పోయి నల్ల మార్కరు కొన్నాను.

ఆ పొద్దున అక్క పొద్దెక్కకముందే వాకిలి కడిగింది. చాపలు పరిచింది. మీదికి వచ్చి నా భార్యను గ్లాసులు అడిగి తీసుకుంది. పోతూ పోతూ నాతో అంది, “తమ్మీ, ఇయ్యాల జర మంచి అంగీ తొడుక్కొని రా. మీ బావ సంబురపడతడు.” సరేనన్నాను. మంచి చొక్కానే వేసుకున్నాను.

ఏడుగురు వచ్చారు. ఏడుగురూ సాంచాల మీద బతికినవాళ్లే. కిందినుంచి వాళ్ల గొంతులు రేకులకు తగిలి మోగుతున్నాయి. చాయ్ గ్లాసులు అందరి చేతుల్లోకి వచ్చేదాకా ఆగి, కవరు పట్టుకుని దిగాను.

“రావయ్యా హజీరా ఆయనా!” అన్నాడు వాళ్లలో పెద్దాయన. “మీ బావను అధ్యక్షుణ్ణి జేస్తున్నం. మిఠాయి నువ్వే పంచాలె.”

“పంచుత పెద్దనాయినా. ముందుగాల బావది ఒక పని ఉన్నది.”

కవరు తీసి చాప మీద, బావ మోకాలి ముందు పెట్టాను. అక్షరాలు అటు తిరిగి ఉండేట్టు, అంటే వాళ్లవైపు.

“ఏందది?” అన్నాడు బావ.

“మీదింటి కిరాయి. మొదటి ఆదివారం గదా. యాది మరిచిన్నేమో అనుకుంటవని తెచ్చిన.”

బావ నవ్వాడు. పెద్దగా నవ్వాడు. “వీనికి పరాచికాలెక్కువ. బామ్మర్ది గదా!” ఒకరిద్దరు తోడు నవ్వారు. ఒకాయన కవరు మీది గుజరాతీని వేలితో చూపిస్తూ పక్కాయనకు చదివి వినిపించాడు. నవ్వు ఆగిపోయింది.

“పరాచికం గాదు,” అన్నాను. “చూసుకో. ఎప్పటి లెక్కనే ఉన్నది.”

బావ కవరు ముట్టుకోలేదు. వంటింటి గుమ్మం వైపు చూశాడు. అక్కడ అక్క పళ్లెం పట్టుకుని నిలబడి ఉంది.

మా అక్క సాంచాల మధ్య పెరిగిన పిల్ల. మా ఇంటి ముందు గదిలోనే నాలుగు సాంచాలు ఉండేవి. ఆ చప్పుడులో మా అమ్మా అక్కా గొంతు లేకుండా పెదవులతోనే రోజంతా మాట్లాడుకునేవారు. ఈ మూల నుంచి ఆ మూలకు కూర ఏం వండాలో, ఎవరు వచ్చారో, నేనేం తుంటరి పని చేశానో. షెడ్డుల్లో పని చేసే ప్రతివాడికీ ఆ విద్య వస్తుంది. నాకూ వచ్చు. సాంచాలెరగని చుట్టాలు ఊరి నుంచి వచ్చినప్పుడు బావకు రహస్యంగా ఏదైనా చెప్పాలంటే అక్క అలాగే చెప్పేది, బయటివాళ్లకు తెలియకుండా. చక్కెర అయిపోయిందని, వాళ్లను భోజనానికి ఆపొద్దని. అది ఆమెకు అలవాటు.

ఆ గుమ్మంలో నిలబడి ఆమె బావతో పెదవులతో అంది:

“ఒప్పుకో. లేకుంటే వాని నౌకరి పోతది.”

నేను చదివాను. తర్వాత చాప మీద చూశాను. ఏడుగురి కళ్లూ అక్క పెదవుల మీదే ఉన్నాయి. అక్క కూడా అప్పుడే చూసింది. తాను చుట్టాల మధ్య లేదని, సాంచాలవాళ్ల మధ్య ఉందని అప్పుడు గుర్తొచ్చింది. కొంగు తీసి నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ కొంగు నాకు ఇప్పటికీ కనపడుతుంది.

బావ కవరు తీసి జేబులో పెట్టుకున్నాడు. “అవు,” అన్నాడు. “తీస్కుంటున్న.” ఆయన అంత చిన్న గొంతుతో మాట్లాడగలడని నాకు అంతవరకు తెలియదు.

పెద్దాయన గ్లాసు కింద పెట్టాడు. “తీస్కుంటే తప్పేమున్నది? ఎవలు తీస్కుంటలేరు? కని గిన్నేండ్లు తీస్కోను తీస్కోను అని మా చెవులల్ల ఎందుకు పోసినవ్ బిడ్డా?” అన్నాడు. తిట్టినట్టు కాదు, బాధపడినట్టు అన్నాడు. అదే ఎక్కువ తగిలింది. ఇంకొకాయన పని ఉందన్నాడు. ఒక్కొక్కరే చెప్పులు వేసుకున్నారు. చాప మీద సగం తాగిన చాయ్ గ్లాసులు మిగిలాయి. అధ్యక్ష పదవి మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. నెల తర్వాత ఇంకొకరికి ఇచ్చారు.

ఆ పగలు నాకు ఎలా గడిచిందో నిజం చెప్పాలి. పశ్చాత్తాపం లేదు. కడుపు నిండినట్టు ఉంది. మీదికి పోయి రెండుసార్లు అన్నం పెట్టించుకుని తిన్నాను. ఆయన ముఖాన్ని మళ్లీ మళ్లీ తలచుకుని, పక్క మీద దొర్లి, హాయిగా నిద్రపోయాను. నాలుగేళ్లు నా భుజం మీద పడ్డ ఆ చెయ్యి ఇక పడదు. నా భార్య నా ఎంగిలి పళ్లెం తీసుకుని బయటికి పోయి కూర్చుంది. అది కూడా నాకు పట్టలేదు.

సాయంత్రం మెట్ల మీద అడుగుల చప్పుడు అయింది. బావ. మేము చేరినప్పటి నుంచి ఆయన ఒక్కసారి కూడా మీదికి ఎక్కలేదు, మోకాళ్ల నొప్పి. రొప్పుతూ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో తెల్లకాగితం. వెనక అక్క.

“రాసిస్త,” అన్నాడు. “పెన్ను తే.”

పెన్ను ఇచ్చాను. ఆయన కిటికీ దిమ్మె మీద కాగితం పరిచాడు. పెన్ను మూత తీశాడు. నావైపు తిరిగాడు.

“ఎంత రాయాలె? ఆరా, తొమ్మిదా?”

నేను అక్క వైపు చూశాను.

“నీ అక్క దస్కతు పెట్టిన్నాడే చెప్పింది నాకు. మొగుడు పెండ్లాలం గదా. గా దినం గా సాబ్ కూడ గిదే అడిగిండు, ఎంత తీస్కుంటవ్ అని. నేనేం జెప్పాలె? ఆరు అంటే నువ్వు దొంగవైతవ్. తొమ్మిది అంటే, రేపు ఇంకోడు వచ్చి ఏడ పెట్టినవ్ చూపెట్టు అంటే నేను దొంగనైత. అసల్కే తీస్కోను అన్న. తీస్కోకుంటే ఎంత అని అడిగేది ఉండదు గదా అనుకున్న. గీ కాగితాల సంగతి నాకేమెరుక?”

ఆయన పెన్నును కాగితం మీద ఆనించాడు.

“సగం గొప్పకే అన్న. అబద్ధమెందుకు. సగం నీ కోసమన్న.”

“గది గా దినం స్కూటర్ దగ్గర ఎందుకు చెప్పకపోతివి బావా?” అన్నాను.

“నువ్వు దొంగ లెక్క రాస్తున్నవని నీ మొఖం మీద అనాల్నా? సందుల నిలవడి?” అన్నాడు. తర్వాత కాగితం వైపు తిరిగి, “చెప్పు. పొద్దు పోతున్నది.”

అక్క నావైపు చూడలేదు. గోడకున్న క్యాలెండర్ చూస్తూ నిలబడింది. ఆ రోజు పగలు ఏడుగురి ముందు ఆమె రెండు ముక్కలే అంది. నేనెంత రాయించానో ఆమెకు తెలుసు. ఆ మాట పెదవుల మీదికి రానివ్వలేదు. ఇప్పుడు కూడా నా నోటితోనే రావాలని చూస్తోంది. లేదా ఏదీ చూడటం లేదు, అలసిపోయి నిలబడింది. నాకు తెలియదు.

“తొమ్మిది,” అన్నాను.

బావ ‘తొమ్మిది’ అని రాశాడు. అంకెలో ఒకసారి, అక్షరాల్లో ఒకసారి. సంతకం పెట్టాడు. పెన్ను అక్కకు ఇచ్చాడు. ఆమె అదే బడి పిల్ల రాతతో పెట్టింది. ఇద్దరూ ఒకరి వెనక ఒకరు మెట్లు దిగారు. గొప్ప కోసం ఒక అబద్ధం చెప్పిన మనిషి చేత నా కోసం రెండో అబద్ధం రాయించి, సంతకం కూడా పెట్టించుకున్నాను. కంపెనీ ఆ కాగితం తీసుకుంది. సాయం మళ్లీ మొదలైంది. నేను గెలిచాను.

మా ఇళ్లలో గిన్నె ఇచ్చిపుచ్చుకునేటప్పుడు ఖాళీగా తిప్పి పంపరు. ఏమీ లేకపోతే చిటికెడు చక్కెరైనా వేసి పంపుతారు. ఆ వారం నా భార్య అక్కకు పచ్చిపులుసు పంపిన గిన్నె తోమి, తుడిచి, ఖాళీగా మెట్ల మీద పెట్టి ఉంది. నా భార్య దాన్ని తెచ్చి నా ముందు పెట్టింది, నాకేదో వడ్డించినట్టు. తర్వాత వారం ఇంకో గిన్నె. అదీ ఖాళీయే.

మూడు నెలలకు ఊరికి ఇంకో పక్కన ఇల్లు చూసుకుని పోయాం. సామాను ఆటోలోకి ఎక్కిస్తుంటే బావ వచ్చి బీరువా ఒక కొస పట్టుకున్నాడు. “జర పైలం, మూల తాకుతది,” అన్నాడు. అంతే. కొత్త ఇంటి యజమాని గుజరాతీ ఆయన. ఒకటో తారీఖున కిరాయి తీసుకుని, అడగకముందే రసీదు చింపి ఇస్తాడు. ఎంత ఇస్తే అంత రాస్తాడు. ఆ రసీదు చేతికి వచ్చినప్పుడల్లా నాకు మెడ మీద ఏదో పాకినట్టు ఉండేది.

తర్వాత వచ్చిన రాఖీ పండుగకు అక్క రాలేదు. నేను కూడా పోలేదు, ఏ ముఖం పెట్టుకుని పోను? మధ్యాహ్నం కొరియరు వచ్చింది. సూరత్ నుంచి సూరత్‌కు. కవరులో రాఖీ, పసుపు అంటిన బియ్యం గింజలు కొన్ని. కవరు మీద నా పేరు, చిరునామా ఆమె నిదానపు రాతలో ఉన్నాయి. నేను కూడా ఒక కవరు మీద అంతే శ్రద్ధగా రాశాను కదా అని గుర్తొచ్చింది. రాఖీ నా భార్య కట్టబోయింది. వద్దని నేనే ఒంటి చేత్తో, పంటితో ముడి వేసుకున్నాను. ముడి పడటానికి చాలాసేపు పట్టింది.

మరుసటి వారం కంపెనీ ఆఫీసులో కూర్చుని, మా అక్క ఇంట్లో ఉన్నన్నాళ్లు కట్టింది ఆరు వేలేనని, తొమ్మిది రాయించింది నేనేనని, మా అక్కాబావలు నా మాట కాదనలేక సంతకాలు పెట్టారని రాసిచ్చాను. బావ కాగితం రాసిన రోజు నుంచి ఆ ‘ఆరు’ అన్న మాట నా నోటికి రావడానికి పదకొండు నెలలు పట్టింది. ఉద్యోగం తీయలేదు. ఎక్కువ తీసుకున్నదాన్ని జీతంలోంచి పట్టుకున్నారు. రావాల్సిన ప్రమోషను ఆపేశారు. బస్సులో మళ్లీ నవ్వారు. ఈసారి ఆ నవ్వు నాకు రావాల్సిందే.

ఇలా రాస్తే నేను మారిపోయినట్టు ఉంటుంది. అంత మారలేదు. ఇప్పటికీ ఎప్పుడైనా బస్సు కిటికీ పక్కన కూర్చుని ఉండగా, ఆ ఆదివారం నవ్వు ఆగిన క్షణంలో బావ ముఖం గుర్తొస్తుంది. లోపల ఎక్కడో తియ్యగా ఉంటుంది. వెంటనే అక్క కొంగు గుర్తొస్తుంది. రెండూ కలిసే వస్తాయి. ఒకదాన్ని వదిలి ఇంకొకటి తెచ్చుకోవడం నా చేతిలో లేదు.

ఈ మధ్య మా వాళ్ల పెళ్లిలో వాళ్లిద్దరూ కనిపించారు. హాల్లో డీజే మోగుతోంది, పక్కవాడి మాట పక్కవాడికి వినపడటం లేదు. నేను ఈ గోడ దగ్గర, వాళ్లు ఆ గోడ దగ్గర. మధ్యలో పిల్లలు ఎగురుతున్నారు. బావ ముసలివాడయ్యాడు. పక్కన ఎవరూ లేరు. ఎవరి భుజం మీదా చెయ్యి లేదు. నన్ను చూశాడు. చూపు తిప్పుకోలేదు.

నేను గొంతు ఎత్తకుండా, పెదవులతో అన్నాను:

“ఆరు అని రాసిచ్చిన బావా. కంపెనీకి.”

ఆయన చివరిదాకా చదివాడు. కళ్లు నా నోటి మీదే ఉండటం చూశాను. అందుకే ఇంకో మాట కూడా అన్నాను, తప్పు నాదే అని. అది కూడా చదివాడు.

అక్క ఆయన మోచేయి పట్టుకుని, ఏమంటున్నాడని అడిగింది. అది నాకు కనపడింది. ఆయన ఆమెవైపు తిరిగి ఏదో చెప్పాడు. చాలాసేపే చెప్పాడు. కానీ అప్పటికి ఆయన వీపు నావైపు ఉంది.